కూర తిన్న రోజు గోళీ

మద్దిగుంపులో జంపక్క నోట్లో పడందే ఆకుకూర ఎవరి నోట్లోనూ పడదు. ఇది జంపక్క పెట్టిన చట్టం కాదు, ఆమె పుట్టకముందు నుంచీ ఆ గూడెంలో ఉన్న పద్ధతి. మృగశిర కార్తెలో వానలు మొదలై ఆరుద్ర వచ్చేసరికి అడవి అంచున, చేల గట్ల మీద కూరలు మొలుస్తాయి. చెంచలి, దొగ్గలి, తగిరెంచ, అటికమామిడి, పొన్నగంటి. తెలియనివాళ్లకు అన్నీ పచ్చటి గడ్డే. అందుకని తెలిసిన మనిషి ఒకరు ముందు కోసి, వండి, మోదుగాకు దొప్పలో కొంచెం భూదేవికి పెట్టి, మిగిలింది తను తినాలి. తెల్లారి ఆ మనిషి బాగానే లేచి వాకిట్లోకి వస్తే ఊరంతా బుట్టలు చంకన పెట్టుకుని బయలుదేరుతుంది. ఈ పని అత్త చేతి నుంచి జంపక్క చేతికి వచ్చి ఇరవై నాలుగేళ్లయింది.

దీన్ని మూఢనమ్మకమని ఎవరైనా పెదవి విరిస్తే వాళ్లతో వాదన అనవసరం. ఆరుద్ర వానలో ఒక్క పూట అడవికి తీసుకుపోయి, ఏది కూరో ఏది విషమో ఏరుకు రమ్మంటే చాలు.

ముందు తినడంతో జంపక్క పని అయిపోదు. ఆ తర్వాత ముప్ఫై రెండు ఇళ్లలో ఏ ఇంట మొదటిసారి కూర వండినా ఒక దొప్పెడు ఆమెకు రావాలి. ఆమె రుచి చూసి ఒక మాట అనాలి. ఆ మాట కోసం ఆడవాళ్లు ఎదురు చూస్తారు. "కూర మంచిగుంది గని, ఇసుక కూడా మంచిగనే ఏసినవ్" అంటుంది ఒకరితో. "గీ చేతి వంటకు నీ మొగుడు ఇంట్లనే ఉంటుండా, ఇంక పారిపోలే?" అంటుంది ఇంకొకరితో. తిట్టించుకున్నవాళ్లు నవ్వుకుంటూ పోతారు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, పొట్టిగా, సన్నగా, నోరు మాత్రం ఊరంత. భర్త పోయి ఎనిమిదేళ్లయినా ఆ నోరు తగ్గలేదు.

కోడలు వనజకు జంపక్క మేనత్త, అత్త, అమ్మ, మూడూ. ఐదేళ్లప్పుడు తల్లి చచ్చిపోతే జంపక్క వచ్చి, తమ్ముడి కూతుర్ని చంకన వేసుకుని రెండు వాగులు దాటి మద్దిగుంపు తెచ్చుకుంది. పెద్దయ్యాక తన కొడుకు శివకే ఇచ్చి చేసింది. శివ సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు మీద జామాయిల్ దుంగలు దించుతాడు, వారానికోసారి ఇంటికి వస్తాడు. వనజ గూడెం అంగన్‌వాడీలో ఆయా. కాబట్టి ఇంట్లో రోజూ ఉండేది అత్తాకోడళ్లిద్దరే, వాళ్లకు మూడో మనిషి అవసరం పెద్దగా ఉండేది కూడా కాదు.

పోయిన చలికాలంలో జంపక్కకు ఆయాసం మొదలైంది. వాగు గట్టు ఎక్కేటప్పుడు రెండుసార్లు ఆగేది. అడిగితే "ముసలిదాన్నయితున్న గద" అనేది. ఒకరోజు నీళ్ల బిందె దించి, గుమ్మంలో కూలబడి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏమైంది అత్తా?"

"ఏం లేదు. లోపల పిట్ట కొట్టుకుంటున్నట్టుంది. కాసేపుంటే ఎగిరిపోతది."

ఆ పిట్ట ఎగిరిపోలేదు. మర్నాడు ఆశ కార్యకర్త రాజ్యశ్రీ బీపీ మిషన్ పట్టుకుని వచ్చింది. జంపక్క చేతికి పట్టీ చుట్టి నొక్కితే ఒకసారి ఒక అంకె, రెండోసారి ముప్ఫై ఎక్కువ, మూడోసారి అసలు అంకే రాలేదు. రాజ్యశ్రీ మిషన్‌ను రెండు తట్లు తట్టి సెల్లులు మార్చింది. మళ్లీ అదే వరస.

"నీ మిషన్‌కే పానం బాగలేనట్టుంది రాజ్యశ్రీ. దానికి గోళీలియ్యి" అంది జంపక్క.

అనుమానం తీరక రాజ్యశ్రీ పట్టీ తీసి వనజ చేతికి కట్టింది. మూడుసార్లూ ఒకటే అంకె వచ్చింది. అప్పుడామె మిషన్ పక్కన పెట్టి, జంపక్క మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి గోడ వైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది. నాడి రెండుసార్లు గబగబా కొట్టి, ఒకసారి ఆగి, మళ్లీ ఇష్టమొచ్చినట్టు పరుగెత్తుతోంది. "మిషన్ మంచిగనే ఉంది పెద్దమ్మా. రేపే దవాఖానాకు పోదాం" అని లేచింది.

గోదావరి వంతెన దాటి దవాఖానాకు పోయారు. అక్కడి గుండె డాక్టరు పేరు క్రీస్తుదాసు, ఊరు కల్లూరు. యాభై దాటిన మనిషి, తొందర లేని గొంతు. ఈసీజీ కాగితం పరీక్షగా చూశాడు. తర్వాత రొమ్ము మీద చల్లటి జిగురు పూసి, లోపలి గుండెను తెర మీద చూశాడు.

"చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చిందా అమ్మా?"

"అవ్ సార్. పదేండ్లప్పుడు. నెల రోజులు లేవలే. మోకాళ్లకు ఆముదపాకు కట్టిండ్రు."

"ఆ జ్వరం కీళ్లను వదిలింది గానీ గుండెలో ఒక తలుపును పట్టుకుంది. ఆ తలుపు సందు సన్నబడిపోయింది. దాని వెనక గది ఇన్నేళ్లూ రక్తాన్ని తోసీ తోసీ అలసిపోయింది. గుండెకు పైన రెండు గదులు, కింద రెండు. పై గదులు పిండితే రక్తం కిందికి దిగాలి. మీవి పిండటం మానేసి ఊరికే వణుకుతున్నాయి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు దీన్ని."

"వణికితే వణకనీయి సార్. నేను నడుస్తనే ఉన్న గద."

డాక్టరు నవ్వలేదు. "దడ, ఆయాసం మీకు తెలుస్తాయి. తెలియకుండా వచ్చేది ఇంకోటుంది. వణికే గదిలో రక్తం కదలదు. కదలకపోతే నిలవ ఉన్న పాలు తోడుకున్నట్టు గడ్డ కడుతుంది. ఆ గడ్డలోంచి ఒక్క ముక్క ఊడి తలకు పోయి నరంలో అడ్డం పడితే పక్షవాతం. కాలూ చెయ్యీ పడిపోవచ్చు, మాట పోవచ్చు."

మాట పోవచ్చు అన్నప్పుడు వనజ అత్త వైపు చూసింది. జంపక్క మొదటిసారి నోరు మూసుకుంది.

డాక్టరు రెండు రకాల గోళీలు రాశాడు. పొద్దుటిది గుండె పరుగు తగ్గించడానికి. సాయంత్రానిది రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి, అది ఒక్కరోజు కూడా తప్పకూడదు. నెలకోసారి రక్తపరీక్ష చేయించుకోవాలి. దాంట్లో అంకె రెండుకూ మూడుకూ మధ్య ఉండాలి. రెండు కంటే తగ్గితే గడ్డ భయం, మూడు బాగా దాటితే రక్తం కారే భయం. పళ్ల చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, విరేచనం నల్లగా అయినా పరుగున రావాలి. నొప్పుల గోళీలు, పసరు మందులు తనను అడక్కుండా వాడకూడదు. మూతి వంకరపోయినా, చెయ్యి జారిపోయినా, మాట తడబడినా, అది తగ్గినా తగ్గకపోయినా వెంటనే రావాలి. చివర్న ఇంకో మాట చెప్పాడు.

"ఆకుకూరలకూ సాయంత్రం వేసుకునే గోళీకీ పడదు. తినొద్దని కాదు. రోజూ ఒకే తీరుగా తినండి. ఒక వారం గంపెడు, ఒక వారం అసలే లేకుండా, అట్లా వద్దు."

వనజ అన్నీ చెవిన వేసుకుంది. చదువుకున్న పిల్ల, గోళీల పేర్లు కూడా రాసుకుంది. కానీ ఇంటికి వచ్చేసరికి ఆ చివరి ముక్కలో ఆమె దగ్గర మిగిలింది 'పడదు' అన్న మాట ఒక్కటే. తప్పు ఆమె చెవులది కాదు. ఆ గూడెంలో మందుకు పడనిది అంటే పథ్యం. పథ్యానికి ఒక నియమం ఉంది, అది పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. మందు తింటూ పథ్యం తప్పకూడదు. ఒకవేళ తప్పితే, ఆ రోజు మందు ముట్టకూడదు. పథ్యం తప్పిన కడుపులో మందు విషమవుతుంది.

ఈ నియమం వనజకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆమె తల్లి అట్లాగే పోయింది. పచ్చకామెర్లకు పసరు తాగుతూ, ఆరో రోజు చేప తిని, ఆ సాయంత్రం మళ్లీ పసరు తాగింది. మూడో రోజుకు లేదు. చేప తిన్ననాడు పసరు మానుకుంటే బతికేదని ఊరంతా అన్నారు. వనజ ఆ మాట వింటూ పెరిగింది.

చలికాలం, ఎండాకాలం బాగానే గడిచాయి. అప్పుడు కూరలెక్కడివి? పప్పు, పచ్చిపులుసు, ఎండుచేప. సాయంత్రం దీపం పెట్టే వేళకు వనజ గోళీ, నీళ్లు తెచ్చి చేతిలో పెట్టేది. అంకె రెండున్నర దగ్గర నిలిచింది. ఆయాసం తగ్గి జంపక్క మళ్లీ వాగు గట్టు ఒక్క బిగిన ఎక్కసాగింది. డాక్టరు మెచ్చుకుంటే "మా కోడలు పోలీసు సార్" అని చెప్పింది.

అంతలో వానలొచ్చాయి.

"ఈ ఏడు నువ్వు తినకు అత్తా. ఇంకెవరన్న తింటరు" అంది వనజ, బుట్ట దులుపుతున్న జంపక్కతో.

"ఎవరు తింటరు? నీకు తగిరెంచకూ దాని పక్కన మొలిచే పిచ్చిదానికీ తేడా తెలుసునా? పక్కింటి భవానికి తెలుసునా?"

"నేర్పు."

"నేర్పుత. ఒక్క వానకు వస్తదా? పదేండ్లు తిరిగిన నేను మా అత్త ఎంబడి. నేను తినకుంటే ఏ పొయ్యి మీదా కూర ఎక్కదు బిడ్డా. ముప్ఫై రెండు ఇండ్ల పిల్లలు ఉత్త పచ్చిపులుసు తోటి బువ్వ తినాల్నా?"

"మరి గోళీ?" అంది వనజ.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జవాబు ఇద్దరికీ తెలుసు. "కూర తిన్ననాడు గోళీ వద్దు. పథ్యం పథ్యమే" అంది జంపక్క. వనజ తల ఊపింది. ఆ సాయంత్రం గోళీల అట్టను రేకు డబ్బాలో పెట్టి, మూత బిగించి, అత్త మతిమరుపున వేసుకుంటుందేమోనని అటక మీద వెదురు చాటల వెనక దాచింది. ఎంత శ్రద్ధగా దాచిందో తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. తన ప్రాణంలాంటి మనిషిని కాపాడుతున్నాననుకుంటూ ఆ మనిషికి రక్షణగా ఉన్న ఒక్క గోడనూ తన చేతులతోనే తీసేసింది.

జంపక్క తిన్నది. తెల్లారి లేచింది. ఊరు బుట్టలు పట్టింది. ఆ తర్వాత దొప్పలు రావడం మొదలైంది. రోజుకు మూడు, నాలుగు. ఒక దొప్ప తిని ఇంకో దొప్ప వద్దంటే ఆ ఇల్లాలు చిన్నబుచ్చుకుంటుంది, కాబట్టి అన్నీ తినాలి. తొమ్మిది రోజులు వరసగా కూరే. తొమ్మిది రోజులూ డబ్బా అటక దిగలేదు.

పదో రోజు పొద్దున జంపక్క వాకిట్లో కూర్చుని తగిరెంచ ఏరుతోంది. పక్కింటి భవాని దొప్ప పట్టుకొచ్చి ఎదురుగా నిలబడి, మాట కోసం నవ్వు మొహంతో చూస్తోంది. జంపక్క నోరు తెరిచింది. మాట రాలేదు. వచ్చిన చప్పుడు మాట కాదు. కుడి చేతిలో ఆకు జారి ఒళ్లో పడింది, దాని వెనకే చెయ్యి కూడా ఒళ్లో పడింది. కుడివైపు మూతి కిందికి జారింది. ఆమె కళ్లు మాత్రం వనజ కోసం వెతికాయి.

వనజ పొయ్యి దగ్గర నుంచి పరుగున వచ్చి చూసింది. వెంటనే శివకూ, రాజ్యశ్రీకీ ఫోన్ చేసింది.

"నీళ్లు పోయకు, ఏమీ తినిపియ్యకు, నూనెలు రాయకు. ఏ బండి దొరికితే ఆ బండి ఎక్కియ్యి. దవాఖానాకు నేను ఫోన్ జేసి చెప్త" అంది అవతల రాజ్యశ్రీ.

పక్క తండా బద్యా ఆటో వేసుకొచ్చాడు. గుంతల దారిలో వనజ అత్తను ఒళ్లో పడుకోబెట్టుకుని, జారిన మూతిని చేత్తో పైకి పట్టుకుని కూర్చుంది, పట్టుకుంటే నిలుస్తుందేమోనన్నట్టు. సారపాక ఇంకా రెండు మైళ్లుందనగా ఆ మూతి దానంతట అదే సర్దుకుంది. జంపక్క కళ్లు ఆర్పి, "యాడికి?" అంది. మాట ముద్దగానే ఉంది, కానీ మాటే.

"దవాఖానాకు అత్తా."

"ఎందుకు? తగ్గింది గద. భవాని దొప్ప ఆడనే ఉంది. ఎనక్కి తిప్పమను."

బద్యా బండి నెమ్మది చేసి వెనక్కి చూశాడు. "తగ్గిందంటుంది గదక్కా. తిప్పాల్నా?"

వనజకు కూడా ఒక పక్క తిప్పేద్దామనే ఉంది. అత్త మాట్లాడుతోంది, చెయ్యి కదులుతోంది. కానీ తగ్గినా రావాలన్న డాక్టరు మాట గుర్తొచ్చింది. ఊడిన ముక్క గుర్తొచ్చింది. ఇది చిన్న ముక్కయి కరిగిపోయిందేమో. అది ఊడి వచ్చిన గడ్డ మాత్రం లోపల అట్లాగే ఉంది గదా. "తిప్పకు. జల్దీ పోనీ" అంది. జంపక్క దారి పొడుగునా కోడల్ని తిడుతూనే వచ్చింది. జీవితంలో ఏ తిట్లూ వనజకు అంత తియ్యగా వినపడలేదు. సారపాక మిల్లు గేటు దగ్గర శివ మిల్లు బట్టల్లోనే ఎక్కాడు.

తలకు స్కాన్ తీశారు. రక్తం తీశారు. రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద సన్న సూది వేశారు. మధ్యాహ్నం క్రీస్తుదాసు కాగితాలు పట్టుకుని మంచం దగ్గరికి వచ్చాడు. పెద్ద దెబ్బ తగల్లేదని, ఇది హెచ్చరిక అని, వెంటనే తీసుకొచ్చి మంచి పని చేశారని చెప్పాడు. తర్వాత కనుబొమలు ముడిచి, "అంకె ఒకటి దగ్గరుంది. గోళీ అస్సలు పడనట్టుంది. సాయంత్రం గోళీ వేసుకుంటున్నారా?" అన్నాడు.

జంపక్క దిండు మీంచి కొంచెం లేచింది. "పథ్యం మాత్రం తప్పలే సార్" అంది గర్వంగా. "కూర తిన్ననాడు గోళీ ముట్టలే."

"ఎన్ని రోజులు?"

"తొమ్మిది. మొత్తం తొమ్మిది దినాలు."

డాక్టరు పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. శివ భార్య వైపు చూశాడు. వనజ ముందుకొచ్చింది. "ఆమెది తప్పు లేదు సార్. నేనే దాచిన. అటక మీద."

ఎందుకని డాక్టరు అడిగితే వనజ పథ్యం సంగతి చెప్పింది. ఆయన చివరి దాకా విని, చేతిలో కాగితాలు ఒళ్లో పెట్టుకున్నాడు. "పడదు అన్నాను. ఆ మాట మీకు ఎట్లా వినపడుతుందో నేను అడగలేదు. ఇప్పుడు మళ్లీ చెప్తాను, వినండి. ఆకుకూరల్లో ఒక సత్తువ ఉంటుంది. అది రక్తాన్ని గడ్డకట్టే వైపు లాగుతుంది. గోళీ ఇటు లాగుతుంది. తాడు లాగే పందెం అనుకోండి. కూర తిన్న రోజు అటువైపు మనుషులు పెరుగుతారు. సరిగ్గా ఆ రోజే మీరు ఇటువైపున్న ఒక్కణ్నీ ఇంటికి పంపేశారు. ఏం తిన్నా, ఏ పండుగైనా, ఏ పథ్యం తప్పినా ఈ గోళీ ఆగకూడదు."

"పథ్యం తప్పినంక మందు ఏసుకుంటే విషం గాదా సార్?" అంది జంపక్క.

"కాదమ్మా. ఈ గోళీ కాదు."

"మరి మా అమ్మ?" అంది వనజ.

ఆమె ఆ మాట అడగాలనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక ఇక ఆగలేదు. తల్లి కామెర్ల సంగతి, పసరు సంగతి, చేప సంగతి చెప్పింది. చెప్పి, మంచం కోడు గట్టిగా పట్టుకుంది. "ఆ చేప నేనే పెట్టిన సార్. నాయిన వాగుల పట్టుకొచ్చిండు. నేను తింటుంటే అమ్మ చూస్తుంది. ముల్లు తీసి నోటి కాడికి తీసుకపోయిన. రెండుసార్లు వద్దన్నది. మూడోసారి నోరు తెరిచింది. ఎవరు పెట్టిండ్రని అందరు అడిగితే, నేనే తిన్నానన్నది అమ్మ."

శివకు కూడా ఈ సంగతి ఆ రోజే తెలిసింది. వార్డులో ఎవరో దగ్గుతున్నారు, ఎవరో నీళ్లు అడుగుతున్నారు.

"మీ అమ్మను నేను చూడలేదు. అవి ఏ కామెర్లో చెప్పలేను" అన్నాడు డాక్టరు. "కొన్ని కామెర్లు లివర్‌ను తినేస్తాయి. పెద్ద పెద్ద దవాఖానాల్లో కూడా అప్పుడప్పుడు మేం ఏమీ చేయలేం. కానీ ఒకటి మాత్రం చెప్పగలను. కామెర్లవాళ్లను చేప ముక్క చంపదు. మీ అమ్మకు ఆకలేసి ఉంటుంది, తిన్నది. అంతే తల్లీ."

వనజ ఏడవలేదు. కొత్త భాష వింటున్నట్టు ఆయన నోటి వైపు చూస్తూ నిలబడింది. ఇరవై ఆరేళ్లు మోసిన మూటను ఒక్క మాటకు దించమంటే చేతులు అంత తేలిగ్గా వదలవు.

"వనజా" అంది జంపక్క. మాట ఇంకా కొంచెం ఈడుస్తోంది. "ఇటు రా. నాకు ఎరుకే."

"ఏంది ఎరుకే?"

"చేప సంగతి. పానం పోకముందు చూడ వస్తే మా మరదలు నాకు చెప్పింది. వదినా, పిల్లే పెట్టింది, దాని చేతి ముద్ద కాదనలేకపోయిన, దాన్ని ఎవ్వరు ఏమనకుండ చూసుకో అన్నది. అందుకే ఆమె పోంగనే వచ్చి నిన్ను ఎత్తుకొచ్చిన."

"నువ్వు గూడ చేపతోటే పోయిందనుకున్నవా అత్తా?"

"అవ్. నిన్నటి దాంక గట్లనే అనుకున్న."

"అనుకుని గూడ నన్ను పెంచినవా?"

"పెంచక?" అంది జంపక్క, అదేం ప్రశ్నన్నట్టు. "ఐదేండ్ల పిల్లవు. ఆకలైన అమ్మకు బువ్వ పెట్టినవ్. దాంట్ల నీ మీద కోపం ఏముంటది?"

శివ కిటికీ వైపు తిరిగాడు. డాక్టరు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆ తర్వాత మామూలు మనిషై, కూరల లెక్క మొదలుపెట్టాడు. రోజూ పిడికెడు వండిన కూర, ఏడాది పొడుగునా అంతే. వానల్లో పచ్చిది, ఎండల్లో ఎండబెట్టి దాచింది. వానాకాలం పరీక్ష వారానికోసారి, దాన్ని బట్టి గోళీ కొలత తను మారుస్తాడు.

"మరి ముందు తినుడు సార్?" అంది జంపక్క.

"మీరే తినండి. మిమ్మల్ని ఎవరు ఆపుతారు? ఆ పిడికెట్లోనే తినండి."

"దొప్పలు వస్తయి సార్. ముప్ఫై రెండు."

"వేలి కొస నాలిక్కి తాకించి మాట అనండి. మీ ఊరివాళ్లకు కావలసింది మీ మాట గానీ మీరు కడుపు నింపుకోవడం కాదు గదా."

వేలి కొస మరీ తక్కువని, రెండు వేళ్లకు రావాలని జంపక్క బేరం పెట్టింది. డాక్టరు ఒప్పుకోలేదు. చివరికి ఒక వేలి దగ్గరే తెగింది, కానీ ఆ వేలు బొటనవేలు కావాలని ఆమె, సరేనని ఆయన. వచ్చే వానలకు వనజను వెంట తిప్పుకుని కూరలు నేర్పాలని శివ అడ్డం పడి చెప్పాడు. దానికి మాత్రం జంపక్క బేరమాడకుండా తల ఊపింది.

పొద్దు గూకే వేళకు వార్డులోకి అన్నం బండి వచ్చింది. పళ్లెంలో అన్నం, మజ్జిగ, పాలకూర పప్పు. వెనకే నర్సు వచ్చి, చిన్న కాగితం పొట్లంలో సాయంత్రం గోళీ వనజ చేతిలో పెట్టి, "తిన్నాక వేయండి" అని పక్క మంచానికి పోయింది.

వనజ పళ్లెం చూసింది. పప్పులో పచ్చటి ఆకు. చేతిలో గోళీ. డాక్టరు చెప్పినదంతా ఆమెకు అర్థమైంది, ఒక్క ముక్క పోలేదు. అయినా చెయ్యి కదల్లేదు.

"నా చేతికి ఇంక పట్టు రాలే" అంది జంపక్క. "నువ్వే పెట్టు."

వనజ అన్నంలో పప్పు కలిపి ముద్ద చేసి పెట్టింది. జంపక్క తిన్నది. ఇంకో ముద్ద, ఇంకోటి. పళ్లెం ఖాళీ అయింది. వనజ గోళీ తీసుకుని, రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఆగింది. జంపక్క తొందరపెట్టలేదు. నోరు తెరిచి, కోడలి మొహం వైపే చూస్తూ అట్లాగే కూర్చుంది.

వనజ గోళీ నాలుక మీద పెట్టి, తల పట్టుకుని నీళ్లు తాగించింది. గుటక కిందికి దిగడం చూసింది. జంపక్క మళ్లీ నోరు తెరిచి, అంగన్‌వాడీలో పిల్లలు నులిపురుగుల గోళీ మింగి చూపించినట్టు, నాలుక చాపి అటూ ఇటూ తిప్పి చూపించింది.

అప్పుడు వనజ ఏడ్చింది. జంపక్క పట్టులేని కుడి చేత్తోనే ఆమె తలను దగ్గరికి లాక్కుని, ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చింది.